మన దగ్గర ఎస్టేట్ కారు ఎందుకు దొరకదు, లంకలో ఇంటికి ఏ బండి సరిపోతుంది

రాజోలు అవతల లంక ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన సంగతి ఇది. ఇంట్లో ఆరుగురు: ఆయన, భార్య, నాలుగేళ్ళ పాప, అమ్మా నాన్నా, మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ. నెలకి రెండుసార్లు ఆవిడని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది కాబట్టి అప్పుడప్పుడూ మేత బస్తాలు కూడా కారులోనే పడతాయి. బడ్జెట్ 13 లక్షలు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్యేమో తన టయోటా సియెన్నా అనే పెద్ద వ్యాను లాంటిది కొనమంటున్నారు, జర్మనీలో చదువుకుంటున్న స్నేహితుడు ఆక్టేవియా కాంబీ అనే ఎస్టేట్ కారు ఫోటోలు పంపి దీన్ని మించింది లేదంటున్నారు, కువైట్‌లో ఉన్న బావగారేమో ఎత్తు బండి తప్ప ఇంకేదీ వద్దంటున్నారు. అవి ఇక్కడ ఎందుకు దొరకవు, వాటి బదులు ఏది కొనాలి అని ప్రశ్న.

నేను కువైట్‌లో ఆరేళ్ళు హౌస్ డ్రైవర్‌గా చేసి వచ్చి పాలకొల్లులో ఇరవై రెండేళ్ళుగా షెడ్డు నడుపుతున్నానండి. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకోండి. మీకు ఏడు సీట్ల మారుతి ఎర్టిగా పెట్రోలు. అది కుదరకపోతే కియా కారెన్స్ కింద వేరియంట్. బడ్జెట్ బాగా తగ్గించుకోవాలంటే రెనో ట్రైబర్, కాని దానికి ఒక షరతు ఉంది, కింద చెబుతాను. నాలుగు మీటర్ల ఎస్‌యూవీ మాత్రం మీ ఇంటికి వద్దు, బావగారు ఏమనుకున్నా సరే.

ఇప్పుడు ఎందుకు దొరకవు అన్న మాట. ఏ దేశంలో ఏ ఆకారం బండి అమ్ముడవుతుందో అక్కడి జనం ఇష్టం ఒక్కటే తేల్చదండి, ముందు తేల్చేది పన్ను, ఆ తర్వాత రోడ్డు. జపాన్‌లో చిన్న బండ్లకి కెయ్ అని ప్రత్యేక తరగతి ఉంది. 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు, 660 సీసీ ఇంజన్, వీటికి లోబడితే పన్ను తక్కువ. అందుకే అక్కడ బండి పక్కలకి పెరగడానికి వీల్లేక పైకి పెరిగింది, నిలువుగా పెట్టె లాగా. మన వ్యాగన్ఆర్ పుట్టింది ఆ లెక్కలోనే, 1993లో జపాన్‌లో, మనకి 1999లో వచ్చింది. అమెరికాలో బయటి నుంచి వచ్చే పికప్ బండ్ల మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది, దాని అండతో వాళ్ళ పెద్ద పికప్‌లు బాగా పెరిగాయి. ఇండోనేషియాలో చాలాకాలం సెడాన్ (వెనక డిక్కీ విడిగా ఉన్న కారు) మీద విలాస పన్ను ఎక్కువ, ఏడు సీట్ల బండి మీద తక్కువ, అందుకే అక్కడ ఊరూరా అవాంజా అనే ఏడు సీట్ల బండ్లే.

మన దగ్గర ఆ గీత నాలుగు మీటర్లు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉన్న బండ్లకి ఎక్సైజు తగ్గించారు. అప్పటి నుంచి కంపెనీల వాళ్ళ చేతిలో పెన్సిల్ కంటే ముందు టేపు ఉంటోంది. ఇండిగో సీఎస్ 2008లో డిక్కీ కత్తిరించుకుని వచ్చింది. మొదటి డిజైర్ నాలుగు మీటర్లు దాటే ఉండేది, 2012లో వచ్చినది 3995 మిల్లీమీటర్లకి కుదించారు. పాత డిజైర్ వెనక భాగాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ నరికారో మీకే తెలుస్తుంది. జీఎస్టీ కూడా ఇదే గీత మీద నిలబడింది, 2025 సెప్టెంబరు 22 నుంచి గీత లోపల ఉంటే 18 శాతం, దాటితే 40, ఎలక్ట్రిక్ బండికి 5.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. పొడవు, ఇంజన్ ఈ రెండు షరతులూ నెరవేరితేనే చిన్న కారు. బ్రెజా పొడవు 3995 మిల్లీమీటర్లే, కాని పెట్రోలు ఇంజన్ 1462 సీసీ, అంచేత అది 40 శాతంలోనే పడుతుంది. ఎర్టిగాకీ అదే ఇంజన్, అదీ 40 శాతమే. అంటే బ్రెజా కొన్నవాళ్ళు పెద్ద కారు పన్ను కట్టి ఐదు సీట్లు తెచ్చుకుంటున్నారు, ఎర్టిగా కొన్నవాళ్ళు అదే పన్నుకి ఏడు సీట్లు తెచ్చుకుంటున్నారు. ఈ రెండూ ఎదురెదురుగా పెట్టి ఆలోచించేవాళ్ళని షోరూంలో నేను ఎక్కువ చూడలేదు. ఎత్తుగా కనిపిస్తే అది ఎస్‌యూవీ, ఎస్‌యూవీ అయితే మంచిది అన్న లెక్కలోనే వెళ్తున్నారు.

స్నేహితుడు పంపిన కాంబీ సంగతి. ఎస్టేట్ అంటే సెడాన్ పైకప్పుని వెనకదాకా లాగి డిక్కీని లోపలే కలిపేసిన బండి. యూరప్‌లో దాని విలువ నిజమైనదేనండి, ఆక్టేవియా కాంబీలో సీట్లు మడవకుండానే 640 లీటర్ల సామాను పడుతుంది, బండి కిందకి ఉంటుంది కాబట్టి స్పీడులో నిలకడగా ఉంటుంది. అయితే మన దగ్గరికి ఎస్టేట్లు రాలేదనుకోకండి. టాటా ఎస్టేట్ 1992లో వచ్చింది, తర్వాత బలెనో ఆల్ట్యూరా, సియెనా వీకెండ్, 2004లో ఇండిగో మెరీనా, ఆక్టేవియా కాంబీ కూడా కొన్నాళ్ళు అమ్మారు. ఒక్కటీ నిలబడలేదు. ఆచంట వైపు రైతు ఒకాయన మెరీనా వాడేవారు, నా దగ్గరికే సర్వీసుకి వచ్చేది, వెనక సీట్లు మడిచి అరటి గెలలు వేసుకుని, ఆదివారం అదే బండిలో కుటుంబాన్ని గుడికి తీసుకెళ్ళేవారు. ఎంత బాగా ఉపయోగపడిందో నేను కళ్ళారా చూశాను. కాని ఊళ్ళో అందరూ దాన్ని అంబులెన్స్ అనేవారు, ఆయన పిల్లలకి అది నచ్చేది కాదు. సెడాన్ కంటే ఎక్కువ డబ్బు పెట్టి, డిక్కీ బండి కొన్నామన్న పేరు కూడా రాకపోతే ఎవరు కొంటారు? పైగా 4.69 మీటర్ల ఎస్టేట్ ఇప్పుడు తెస్తే 40 శాతం పన్ను, అంత డబ్బుకి జనం ఎత్తు బండే అడుగుతారు. అందుకే ఏ కంపెనీ ధైర్యం చేయడం లేదు. నాకు ఇది బాధగానే ఉంటుంది, ఎందుకంటే కొబ్బరికాయలూ అరటి గెలలూ మోసే మన మనుషులకి ఆ ఆకారం సరిగ్గా సరిపోయేది.

అన్నయ్యగారి సియెన్నా వేరే కథ. అది 5.17 మీటర్ల పొడవు, దాదాపు రెండు మీటర్ల వెడల్పు. మీ ఊరి కాలవ గట్టు మీద ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తే రెండిట్లో ఒకటి పంట కాలవలోకి దిగాల్సిందే. అయితే అన్నయ్యగారు ఆ బండిని మెచ్చుకోవడానికి అసలు కారణం పక్కకి జరిగే తలుపు అయ్యుంటుంది, ఆ మాటలో ఆయన పూర్తిగా కరెక్టు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి జరిగే తలుపుని మించింది లేదు. తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, చెయ్యి పట్టుకునేవాళ్ళు పక్కనే నిలబడొచ్చు, గుడి వీధిలో గోడ పక్కన ఆపినా దిగొచ్చు. జపాన్‌లో ఇదే తలుపుతో సియెంటా, ఫ్రీడ్ అని మన ఎర్టిగా సైజులోనే బండ్లున్నాయి. మన దగ్గర జరిగే తలుపు కావాలంటే చవకలో ఈకో వ్యాను, బాగా ఖరీదులో కార్నివాల్, వెల్‌ఫైర్ లాంటివి. మధ్యలో ఏమీ లేదు. ఈకోలో నాయనమ్మగారిని కాకినాడ దాకా తీసుకెళ్ళొచ్చు గానీ ఆ సీట్లూ ఆ సస్పెన్షనూ ఆవిడ నడుముకి మంచివి కావు.

మరి జపాన్ నుంచి సెకండ్ హ్యాండ్ తెప్పించుకోవచ్చు కదా, కెన్యా వాళ్ళూ శ్రీలంక వాళ్ళూ తెచ్చుకుంటున్నారు కదా అని ఇదివరకు ఒకరిద్దరు నన్ను అడిగారు. మనకి మూడేళ్ళు దాటిన బండి రానివ్వరు, ముంబై పోర్టు నుంచే రావాలి, సుంకాలన్నీ కలిపితే బండి ఖరీదు రెట్టింపు దాటిపోతుంది. అమెరికా, గల్ఫ్ బండ్లకైతే స్టీరింగే ఎడమవైపు. ఆ ఆలోచన వదిలేయండి.

బావగారి మాటకి వస్తాను. కువైట్‌లో నేను నడిపింది సబర్బన్, ఐదున్నర మీటర్ల బండి, పొద్దున్నే ఏడుగురు పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చేవాణ్ణి. అక్కడ ఆరు లైన్ల రోడ్లు, పెట్రోలు చవక, ఇంటి ముందు లారీ పట్టేంత జాగా. అక్కడ చూసిన కళ్ళతో ఇక్కడ కారు కొంటే పొరపాటు జరుగుతుంది, నేను వచ్చిన కొత్తలో అదే పొరపాటు చేశాను, పెద్ద పాత జీపు ఒకటి కొని, మా అత్తగారి ఊళ్ళో సావిడి మలుపు తిరగలేక రెండేళ్ళకే అమ్మేశాను.

ఎత్తు అవసరమే, కాదనను. మన దగ్గర తూముల మీద రోడ్డు ఉబ్బి ఉంటుంది, గట్టు దిగి ఇంటికి వెళ్ళే బాట వానాకాలంలో రేగడి బురద, నరసాపురం రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) ఎక్కించేటప్పుడు వాలు మీద ముందు బంపరూ వెనక సైలెన్సరూ గీరుకుంటాయి. డిజైర్ నేలకి 163 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, నలుగురెక్కి డిక్కీ నింపితే ఇంకా దిగుతుంది, అందుకే ఇంజన్ కింది ఆయిల్ ఛాంబర్ నేలకి తగిలిందని నా షెడ్డుకి వచ్చేవాటిలో సెడాన్లే ఎక్కువ. కాని 180 దాటితే మన రోడ్లకి చాలు. నెక్సాన్ 208 అని చెప్పుకున్నా ఆ పైనున్నదంతా నాయనమ్మగారు ఎక్కాల్సిన మెట్టేనండి. ఎత్తు బండి అనగానే గోదావరి వరద నీళ్ళలోంచి వెళ్ళిపోవచ్చన్న ధీమా ఒకటి వస్తుంది, అది చాలా ప్రమాదం. నీళ్ళు ఇంజన్‌లోకి వెళ్ళేది గాలి పీల్చే గొట్టం నుంచి, అది చాలా బండ్లలో బానెట్ ముందు అంచులోనే ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే ఏ బండైనా ఇవతలే ఆపండి. నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి, తోసుకుని బయటికి తెచ్చి మెకానిక్కుని పిలవండి. ఆ ఒక్క సెల్ఫ్ కొట్టడంతోనే కనెక్టింగ్ రాడ్లు వంగిపోయిన బండ్లు ఎన్నో విప్పాను.

ఇప్పుడు మీ ఆరుగురినీ బండిలో కూర్చోబెడదాం. ఐదు సీట్ల ఎస్‌యూవీలో ముందు మీరూ నాన్నగారూ, వెనక నాయనమ్మ, అమ్మగారు, మీ ఆవిడ, పాప ఒళ్ళో. ఇక్కడే అసలు ఇబ్బంది. అమలాపురం, యానాం మీదుగా కాకినాడకి రెండు గంటల పైన ప్రయాణం, పిల్లని ఒళ్ళో పెట్టుకుని బ్రేకు పడితే ఏ ఎయిర్ బ్యాగూ ఆ పిల్లని కాపాడదు. ఎర్టిగాలో మూడో వరస సగం సగంగా మడుస్తారు, ఒక సగం లేపి మీ ఆవిడ కూర్చుంటే మధ్య వరసలో పాపకి సొంత సీటు వస్తుంది, రెండో సగం మడిస్తే మందుల సంచీ, ఫ్లాస్కూ, మడత వీల్ చైరూ పడతాయి. మూడో వరస రెండు సగాలూ లేపితే మాత్రం వెనక మిగిలేది 209 లీటర్లే, నాలుగు సంచులు, అంతే. రెండూ మడిస్తే 550 లీటర్లు, మేత బస్తాలు హాయిగా పడతాయి. సీటు ఎత్తు కూడా చూడండి, సెడాన్‌లో లాగా కూలబడక్కర్లేదు, ఎస్‌యూవీలో లాగా ఎక్కక్కర్లేదు, పెద్దవాళ్ళు నడుము ఆనించి తిరిగి కూర్చోవచ్చు. 4.4 మీటర్ల బండి అయినా 5.2 మీటర్ల మలుపు వ్యాసార్థంలో తిరుగుతుంది, గట్టు మీద ఒకటి రెండు రివర్సులతో తిప్పుకోవచ్చు. ఇదే బండిని దక్షిణాఫ్రికాలోనూ మన దగ్గరా టయోటా బ్యాడ్జి పెట్టి రూమియన్ అని అమ్ముతున్నారు, దేనికి తొందరగా డెలివరీ ఇస్తే అది తీసుకోండి.

అసలు మన అవసరం అమెరికాకీ జర్మనీకీ దగ్గర కాదండి, ఇండోనేషియాకి దగ్గర. ఇరుకు రోడ్లు, వానలు, మూడు తరాల కుటుంబం, పండక్కి అందరూ ఒకే బండిలో. 2000లో మనకి వచ్చిన క్వాలిస్ అక్కడి కిజాంగే, తర్వాతి ఇన్నోవా కూడా అక్కడ కిజాంగ్ ఇన్నోవానే. ఆ బండ్లు మన జిల్లాల్లో ఎందుకంతగా నాటుకుపోయాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. మీ బడ్జెట్‌కి కొత్త ఇన్నోవా అందదు, ఎర్టిగా దానికి చిన్న తమ్ముడు అనుకోండి.

కారెన్స్ మన పెనుకొండలోనే తయారవుతుంది, ఎర్టిగా కంటే కొంచెం పొడవు, వెడల్పు, లోపల వసతి బాగుంటుంది. మీ గట్టు మీద ఆ వెడల్పు ఇబ్బంది పెడుతుందో లేదో టెస్ట్ డ్రైవ్ మీ ఊళ్ళోనే అడిగి చూసుకోండి.

ట్రైబర్ షరతు ఇది. నాలుగు మీటర్ల లోపే ఏడు సీట్లు ఇరికించడం గొప్ప పనితనమే, వెనక సీట్లు రెండూ విడివిడిగా ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు, అప్పుడు 625 లీటర్ల జాగా. 18 శాతం పన్ను కాబట్టి చవక కూడా. కాని ఇంజన్ 999 సీసీ, మూడు సిలిండర్లు, ఇంజన్ బలం పెంచే టర్బో లేదు. ఆరుగురెక్కి ఏసీ వేసుకుని ఎదుర్లంక బ్రిడ్జి ఎక్కేటప్పుడు గేరు దింపక తప్పదు, హైవే మీద లారీని దాటాలంటే చాలా దూరం చూసుకోవాలి. నెమ్మదిగా నడిపే అలవాటుంటే తీసుకోండి, తొందర మనిషైతే వద్దు.

సెడాన్‌ని మరీ తీసిపారేశానని అనుకోకండి, దానికి ఒక గుణం ఉంది, మన ప్రాంతంలో దాని విలువ ఎక్కువ. డిక్కీ వేరు, మనుషులు వేరు. ఎండు నెత్తళ్ళు గానీ, పట్టిన రొయ్యల టబ్బు గానీ, ఆషాఢంలో చుట్టాలకి పంపే పులస గానీ డిక్కీలో పెడితే లోపలికి వాసన అంతగా రాదు. ఎర్టిగా, ట్రైబర్, ఎస్‌యూవీ, ఎస్టేట్, అన్నిట్లోనూ సామానూ మనుషులూ ఒకే గదిలో. వాసన కంటే పెద్ద సమస్య ఉప్పు నీళ్ళు. చెరువు నీళ్ళు టబ్బు నుంచి కారి కార్పెట్ కిందకి దిగితే రెండేళ్ళలో ఫ్లోర్ రేకు తినేస్తుంది, పైకి కనిపించదు, సీటు బోల్టు ఊడినప్పుడు తెలుస్తుంది. అంచుల్లేచిన రబ్బరు ట్రే ఒకటి వెనక వేయించండి, తాజా రొయ్య మాత్రం కారులో అస్సలు పెట్టకండి, దానికి ఆటోనో ఏస్ బండో మాట్లాడుకోండి. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు సముద్రపు గాలికి కింద భాగం మామూలుగానే తుప్పు పడుతుంది, నెలకోసారి కింద మంచినీళ్ళతో కడిగించండి.

బరువు లెక్క ఎవరూ వేయరు, మీరు వేయండి. బండి గ్రాస్ వెయిట్ (నిండా ఎక్కించినా దాటకూడని మొత్తం బరువు) లోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేదే మనుషులూ సామానూ కలిపి మోయగల బరువు. ఆరుగురికి మూడు వందల యాభై కిలోలు వేసుకున్నా, రెండు బియ్యం బస్తాలూ యాభై కొబ్బరికాయలూ కలిపితే నాలుగు వందల పాతిక దాటిపోతుంది. చిన్న సెడాన్‌కి అక్కడే హద్దు. 75 కిలోల ధాన్యం బస్తాలు ఏ కారులోనూ వేయకండి, ముఖ్యంగా మూడో వరస మడిచిన సీటు మీద. ఆ మడత కింద బిగింపులు వంగిపోతే సీటు మళ్ళీ గట్టిగా నిలబడదు, దాని మీద మనిషి కూర్చుంటాడు.

సీఎన్‌జీ గురించి కూడా ఆలోచిస్తూ ఉంటారు. ఎర్టిగా సీఎన్‌జీలో సిలిండరు మూడో వరస వెనకే కూర్చుంటుంది, ఆ ఉన్న కాస్త డిక్కీ పోతుంది. రోజూ తిరిగేవాళ్ళకి అది లాభమే. మీకు నెలకి రెండు కాకినాడ ప్రయాణాలు, ఊళ్ళో తిరుగుళ్ళు, పెట్రోలే తీసుకోండి, జాగా మిగులుతుంది.

షోరూంకి వెళ్ళేరోజు నాయనమ్మగారిని తీసుకెళ్ళండి, ఆవిడ మూడుసార్లు ఎక్కి దిగాకే ఏ బండో తేల్చండి. ఇంటి గేటు వెడల్పు, గట్టు దిగే దగ్గర మలుపు ముందే టేపుతో కొలిచి రాసుకోండి.

కొత్తది కాకుండా ఆ డబ్బుకి పాత ఇన్నోవా క్రిస్టా చూద్దామనుకుంటే అదీ మంచి ఆలోచనే, కాని ట్యాక్సీగా తిరిగి ప్లేటు మార్చిన బండేమో ఆర్సీ చరిత్రలో చూడండి. ఇంకోటి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బండ్లు చాలా మునిగాయి, అలాంటివి కడిగి పాలిష్ పెట్టి చేతులు మారతాయి. సీట్ల కింద పట్టాల తుప్పు చూడండి, స్టెప్నీ గుంటలో వాసన చూడండి. వెనక వరస సీటు బెల్టుని చివరిదాకా లాగండి, లోపల చుట్టుకుని ఉన్న ఆఖరి మూర మీద ఒండ్రు మరక కనిపిస్తే ధర ఎంత తగ్గించినా ఆ బండి అక్కడే వదిలేసి వచ్చేయండి.